పాంగ్ షౌరెన్ నూరేళ్ళ గిన్నె

పాంగ్ షౌరెన్‌కి లోకంలో అన్నిటికంటే ఇష్టమైనవి మోకాళ్ళు. తనవి కావు, ఎదుటివాళ్ళవి. అవి వంగి నేలకి ఆనుతుంటే చూసి మురిసిపోయేవాడు. పొద్దున లేవగానే కొడుకు మోకరిల్లాలి, ఆ వెనక కోడలు మోకరిల్లాలి, అప్పుడుగానీ ఆయనగారు చాయ్ గిన్నె ముట్టడు. పెరట్లో ఆయన అమ్మే వెనిగర్ ఊరే జాడీలకి మోకాళ్ళు లేవు కాబట్టి సరిపోయింది గానీ ఉంటే వాటినీ వంచేవాడే.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. అక్కడ తుమ్మితే ఇక్కడ చిరంజీవ అనాలి. పెళ్ళయి ఈ సందులోకి వచ్చిననాటి నుంచి ఆ ఇంటి సంగతులన్నీ నేను వద్దన్నా నా చెవిన పడుతూనే ఉన్నాయి. కాబట్టి నేను చెప్పేది గాలివాటం కబురు కాదు. ఎవరైనా పాంగ్‌ని మహానుభావుడంటే నా ఒళ్ళు మండుతుంది. వాళ్ళ గుమ్మం మీది బంగారు అక్షరాల పలక చూసి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది.

ముందు వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఆ ముసలమ్మ వెనిగర్ కొట్టాం వెనక, వెనిగర్ తీసిన పిప్పి పోసే మూలలో మంచం వేసుకుని ఉండేది. పాంగ్‌కి ఆ వాసన పడదట, అందుకని ఆ వైపు వెళ్ళేవాడు కాదు. మనవడు త్యేష్వాన్ వెళ్ళేవాడు. గంజి తాగించేవాడు, జడ వేసేవాడు, ఎండ పొడ వస్తే వీపున వేసుకుని తెచ్చి మా గోడ పక్కన కూర్చోబెట్టేవాడు. ఆమె తొంభై ఏళ్ళు బతికింది. పోయిననాడు చూడాలి పాంగ్ వైభవం! సన్నాయిలు, తెల్ల గుడ్డలు, తగలబెట్టడానికి కాగితపు పల్లకీలు, సమాధి దగ్గర మూడు సార్లు మూర్ఛపోవడం. ఒక్కోసారి మూర్ఛపోయే ముందు వెనక్కి తిరిగి ఎంతమంది ఉన్నారో చూసుకునేవాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది, ఇంత మాతృభక్తా అని. బతికున్నప్పుడు గుక్కెడు వేడినీళ్ళు ఇవ్వనివాడికి చచ్చాక ఇంత దుఃఖం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో కన్ఫ్యూషియస్ గురువుగారికే తెలియాలి.

గురువుగారిని నేనేమీ అనడం లేదు. ఆయన చెప్పినవి మంచి మాటలే అయ్యుంటాయి. మా దాకా వచ్చేసరికి అవి ఎన్ని నోళ్ళలో నానాయో! మా ఊళ్ళో వాటిని నమిలేవాడు షె పంతులు. జుట్టు నెరిసేదాకా సర్కారు కొలువు పరీక్షలు రాసి, అట్టడుగు మెట్టు దగ్గరే ఆగిపోయిన మనిషి. పాడ్యమికీ పున్నమికీ గుడి అరుగు మీద నిలబడి, చక్రవర్తిగారు పంపిన నీతులు చదువుతాడు. తండ్రి మాట కొడుక్కి వేదం, దొర మాట తండ్రికి వేదం, చక్రవర్తి మాట దొరకి వేదం. వింటున్నంతసేపూ పాంగ్ తల ఊపుతూ, కొడుకు వింటున్నాడా లేదా అని ఓరకంట చూసేవాడు. త్యేష్వాన్ వింటూనే ఉండేవాడు పాపం. నిలబడి కునుకు తీసేవాడు అప్పుడప్పుడు, పనివాడు కదా.

త్యేష్వాన్ మాట తక్కువ మనిషి. చేతులు పెద్దవి, కష్టం పెద్దది, కోపం లేనే లేదు. పాంగ్ వెనిగర్ అని జనం చెప్పుకునేదంతా ఆ కొడుకు చేతి చలవే. చలికాలంలో జాడీలు ఆరుబయట పెడతారు. రాత్రి చలికి పైన మంచు పలక కడుతుంది, తెల్లారాక చేతులతో ఆ మంచు తీసి పారెయ్యాలి. అలా తీయగా తీయగా కింద మిగిలేదే నల్లగా, చిక్కగా, నాలుక మీద నిలబడే వెనిగర్. తీసేవాడి చేతులు మాత్రం మధ్యాహ్నం దాకా చేతుల్లా ఉండవు.

ఇక పాంగ్ షష్టిపూర్తి. అరవై ఏళ్ళ పుట్టినరోజు, నడి చలికాలం. సందు సందంతా పిలిచాడు. షె పంతుల్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పుట్టినరోజున నూడుల్స్ ఎలా తింటామో అందరికీ తెలిసిందే. గిన్నెకంతా ఒకటే పోగు, తెగకూడదు. తెగితే ఆయుష్షు తెగినట్టే. కోడలు చ్యావ్‌మేయ్ పిండి కలిపి, లాగి, ఆ పోగు చేసింది. ఉడికిందాన్ని తీసి గిన్నెలో పోసి, మోకరిల్లి అందించాల్సింది కొడుకు. త్యేష్వాన్ అప్పుడే జాడీల దగ్గర నుంచి వచ్చాడు. ఆ రోజు చలికి మంచు తీయకపోతే జాడీలు పగిలేలా ఉన్నాయి. చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. కుండలో నుంచి తినే పుల్లలతో పోగు ఎత్తాడు, వేళ్ళు పట్టు తప్పాయి, పోగు పుటుక్కున తెగింది.

నేనే అన్నాను, "పోనిద్దూ అన్నయ్యా, రెండు ముక్కలైతే రెండు ఆయుష్షులు" అని. కొందరు నవ్వారు కూడా. అంతటితో పోయేదే. కానీ పక్కన పంతులున్నాడుగా.

"మా ఇళ్ళల్లో అయితేనా," అన్నాడు పంతులు మీసం దువ్వుకుంటూ, "ఇలాంటి కొడుకు ఆ పూట అన్నం ముట్టడు."

పాంగ్ మొహం జేవురించింది. "నా ఆయుష్షు తెంచావురా!"

"చేతులు కొంకర్లు పోయాయి అయ్యా. ఇంకో గిన్నె చేయించి తెస్తా, ఉండు," అన్నాడు త్యేష్వాన్.

"విన్నారా, ఎదురు చెబుతున్నాడు! నలుగురి ముందు తండ్రికి ఎదురు చెబుతున్నాడు! పద, దొరగారి దగ్గరే తేల్చుకుందాం!"

అది కొడుకు మీద కోపం కాదు, చుట్టాల ముందు నాటకం. మూర్ఛలాంటిదే ఇదీ. అక్కడెవరైనా చెయ్యి పట్టుకుని ఆపితే ఆగిపోయేవాడు, ఆపుతారనే లేచాడు కూడా. కానీ పంతులు లేచి, "ధర్మం కోసం నడుస్తున్న తండ్రిని ఆపడం పాపం, నేనూ వస్తాను," అన్నాడు. ఇక గుమ్మం దాటక తప్పలేదు. దాటాక సందు దాటక తప్పలేదు. అన్నం తినేవాళ్ళందరూ పుల్లలు కింద పెట్టి వెనకే నడిచారు. పరువు అనే గాడిదనెక్కినవాడికి అది ఆగినచోట దిగడమే గానీ తను ఆపి దిగడం ఉండదు.

కచేరీ గేటు పక్కనే నాకు బన్నుల కొట్టు. బంట్రోతులందరూ అక్కడే తింటారు, తింటూ వాగుతారు. కాబట్టి పాంగ్‌కి తెలియనిది నాకు తెలుసు. మా తాలూకా దొరగారికి ఆ నెలలోనే పైనుంచి చీవాట్లు వచ్చాయి. కాలవ పూడిపోయిందనీ కాదు, దొంగలు పెరిగారనీ కాదు. నీ తాలూకాలో నీతి వర్ధిల్లుతున్నట్టు ఒక్క దాఖలా అయినా లేదేమని. దొరగారు దాఖలా కోసం ఆకలిగొన్న పిల్లిలా కూర్చుని ఉన్నాడు. తాలూకా అధికారిని మేం అమ్మానాన్న దొర అంటాం. తల్లీ ఆయనే, తండ్రీ ఆయనే, తిండి మాత్రం మేం పెట్టాలి. అలాంటివాడి గుమ్మంలోకి పాంగ్ తన కొడుకుని తనే చెయ్యి పట్టి తీసుకెళ్ళాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

చలిలో గేటు తెరిచే విచారణ జరిగింది. జనమంతా గడప దగ్గర గుంపుగా నిలబడ్డాం. పంతులు పాంగ్ తరఫున ముందుకొచ్చి, కొడుకు పితృద్రోహి అని పది పద్యాలకు సరిపడా మాటలు చెప్పాడు. అందులో నూడుల్స్ మాట రానే లేదు. ఆయుష్షు ఖండించాడన్నాడు, ధిక్కరించాడన్నాడు, చెయ్యి విసిరాడన్నాడు. చెయ్యి విసిరినమాట నిజమే, కుండ ఆవిరికి.

దొరగారు పక్కింటివాళ్ళని పిలిచాడు. మా ఆయన దోంగ్ వెళ్ళి మోకరిల్లాడు.

"ఈ కుర్రాడు బంగారం దొరగారూ. వాళ్ళ నాయనమ్మని వీపున మోసేవాడు, మేమంతా చూశాం."

"నువ్వు తండ్రివా?" అన్నాడు దొరగారు.

"కాదు దొరగారూ, పక్కింటివాణ్ణి."

"కన్నవాడికి తెలియంది గోడ అవతలివాడికి తెలుసా? లే, అవతలికి పో."

మా ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అప్పుడు దొరగారు పాంగ్ వైపు తిరిగి, ఏం చెయ్యమంటావని అడిగాడు. ఆ తండ్రి నోట్లో ఆ క్షణాన కొడుకు ప్రాణం ఉంది. ఒరేయ్ తప్పయిందని చెప్పు, ఇంటికి పోదాం అంటే అయిపోయేది. కానీ గేటు దగ్గర అంతమంది జనం! పాంగ్ గొంతు సవరించుకుని, పండగ నాటకంలో రాజు వేషగాడిలా చెయ్యెత్తి, "నాకు కొడుకు లేడనుకుంటాను దొరగారూ!" అన్నాడు.

జనం ఆహా అన్నారు. పాంగ్ ఆ ఆహా విని కళ్ళు తుడుచుకున్నాడు.

"విన్నారుగా," అన్నాడు దొరగారు. తర్వాత త్యేష్వాన్‌ని అడిగాడు, "నీ తండ్రి చెప్పింది నిజమేనా?"

ఆ ప్రశ్నలో ఉన్న గొయ్యి చూడండి. నిజమంటే నేరం ఒప్పుకున్నట్టు. అబద్ధమంటే కచేరీలో కన్నతండ్రిని అబద్ధాలకోరని అన్నట్టు, అది ఇంకా పెద్ద నేరం, మెడకి ఉరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంత తెలివిగా గొయ్యి తవ్వాలంటే ఎన్ని వందల ఏళ్ళు ఎంతమంది చదువుకోవాలి!

త్యేష్వాన్ తండ్రి వైపు చూశాడు. పాంగ్ ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మా అయ్య అబద్ధం ఆడడు," అన్నాడు త్యేష్వాన్.

ఆ రోజు ఆ కచేరీలో తండ్రి మీద భక్తి చూపించినవాడు ఎవడైనా ఉంటే వాడొక్కడే. ఆ భక్తికే శిక్ష పడింది. నైరుతి దిక్కున, విషజ్వరాల కొండల్లో ప్రవాసం. ఎన్నాళ్ళో కూడా దొరగారే సెలవిచ్చాడు. కొడుకు లేడని తండ్రే అన్నాడు కాబట్టి, ఆ తండ్రి బతికున్నన్నాళ్ళూ కొడుకు ముఖం ఈ తాలూకాలో కనపడకూడదు. తండ్రి కాలం చేసిననాడు మాత్రం రావచ్చు. శోకం పాటించడానికి కొడుకు కావాలి కదా, ధర్మం లోపించకూడదు కదా! బతికున్న తండ్రికి సేవ చేసే కొడుకు అక్కర్లేదు, చచ్చిన తండ్రికి తెల్లగుడ్డ కట్టుకునే కొడుకు కావాలి. మా దొరల ధర్మమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

బంట్రోతులు త్యేష్వాన్ మెడకి ఖైదీలకి వేసే చెక్కపలక బిగించేదాకా పాంగ్‌కి సంగతి తలకెక్కలేదు. ఎక్కాక మాత్రం నిజంగానే మోకాళ్ళు వంగాయి. పాక్కుంటూ వెళ్ళి దొరగారి బల్ల ముందు పడ్డాడు.

"దొరగారూ, పుట్టినరోజు కోపంలో ఏదో వాగాను! మావాడు ఏ తప్పూ చెయ్యలేదు. నూడుల్ తెగింది, అంతే! నేను అబద్ధం చెప్పాను దొరగారూ!"

దొరగారి కళ్ళు చెమర్చాయి. నేను కళ్ళారా చూశాను, మనిషి నిజంగా కరిగిపోయాడు. "చూశారా! ఇంత ద్రోహం చేసిన కొడుకుని కాపాడుకోవడానికి అబద్ధం నెత్తిన వేసుకుంటున్నాడు. కొడుకు తప్పు తండ్రి కడుపులో దాచుకోవడం ధర్మమని గురువుగారు ఏనాడో చెప్పారు. ఈయన దాస్తున్న కొద్దీ ఆ తప్పెంత పెద్దదో నాకు తెలుస్తోంది. ఇలాంటి దయామయుడికి ఎదురు తిరిగిన కొడుకుని ఏం చేసినా తక్కువే."

"కాదు దొరగారూ, నిజంగా నేనే…"

"చాలు. ఇంకేమీ చెప్పకు. నా గుండె ఆగేలా ఉంది," అన్నాడు దొరగారు, లోపలికి వెళ్ళిపోయాడు. భోజనం వేళయింది మరి.

చ్యావ్‌మేయ్ ఏడుస్తూ మొగుడి కాళ్ళకి దూదికోటు చింపి గుడ్డలు చుట్టింది. ఎండదేశంలో అవెందుకని బంట్రోతు నవ్వాడు. "అక్కడిదాకా నడవాలి కదయ్యా," అంది ఆ పిల్ల. త్యేష్వాన్ ఒక్కటే అన్నాడు, "మూడో జాడీకి బీటుంది, దాన్ని లోపల పెట్టించు" అని. వెళ్ళిపోయాడు. వాడి నోట నేను విన్న చివరి మాట అదే.

నెల తిరక్కుండా డప్పుల మేళంతో పలక వచ్చింది. నల్ల చెక్క మీద బంగారు అక్షరాలు, 'దయాసాగరుడైన తండ్రి' అని. దొరగారు స్వయంగా రాయించి పంపాడు. దాఖలా పైకి వెళ్ళిందట, పైవాళ్ళు సంతోషించారట. పాంగ్ ఆ పలకని గుమ్మం లోపల తిరగేసి పెట్టుకుంటానంటే, అది దొరగారిని అవమానించినట్టవుతుందని పంతులు బెదిరించాడు. నిచ్చెన తెప్పించి, తనే దగ్గరుండి గుమ్మం మీద మేకులు దిగ్గొట్టించాడు. పాంగ్ తలెత్తకుండా దాని కింద నుంచి వెళ్ళేవాడు.

ఆపైన మళ్ళీ కచేరీకి వెళ్ళాడు, కొడుకుని పిలిపించమని అడగడానికి. ఒకసారి కాదు, చాలాసార్లు. వెళ్ళినప్పుడల్లా దొరగారు ఇంకాస్త కరిగిపోయాడు. చివరికి బంట్రోతులే గేటు దగ్గర ఆపి, "పో ముసలాయనా, నువ్వొచ్చిన ప్రతిసారీ నీ కొడుకు తప్పు పెద్దదవుతోంది," అని చెప్పి పంపేశారు. ఆ మాట నా కొట్టు ముందే అన్నారు. నేను ఒక బన్ను చేతిలో పెడితే తీసుకుని, తినకుండా అక్కడే నిలబడ్డాడు. జాలి పడ్డానా అంటే, ఆ పూట పడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావా అని మొహం మీదే అన్నాను.

ఇంట్లో చ్యావ్‌మేయ్ ఉంది. ఆ పిల్ల పుట్టింటికి పోతుందనుకున్నాం. పోలేదు. మామగారికి సేవ చేసింది. ఎలాంటి సేవ అనుకున్నారు! షె పంతులు అరుగు మీద చదివేవన్నీ ఒక్కటీ తప్పకుండా చేసింది. తెల్లారగానే మోకరిల్లేది. చాయ్ రెండు చేతులా అందించేది. మామగారు కూర్చునేదాకా నిలబడేది, తినేదాకా ముట్టేది కాదు, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. అడిగినా ఎంత అడిగితే అంతే. గోడ ఇవతలి నుంచి నాకు వినపడేది.

"కూరలో ఉప్పు ఎక్కువైందేమో కదమ్మా?" అనేవాడు పాంగ్, ఏదో ఒక మాట కోసం.

"తప్పయింది మామయ్యా. క్షమించండి."

"తప్పని కాదే, ఊరికే అన్నాను."

"చిత్తం మామయ్యా."

ఒకరోజు అతను గట్టిగా ఏడ్చాడు. ఈసారి చూడడానికి జనం లేరు. "ఒక్కసారి తిట్టవే తల్లీ! నీ మొగుణ్ణి నేనే చంపుకున్నానని నా మొహాన ఒక్క మాట అనవే!"

"కోడలు మామగారిని ఎదిరించకూడదు మామయ్యా," అంది చ్యావ్‌మేయ్. "మీరే చెప్పేవారుగా."

నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. ఇంతకంటే తిట్టేం ఉంటుంది!

ఏడాది తిరిగి పుట్టినరోజు వచ్చింది. పాంగ్ వద్దన్నాడు. పంతులు ఊరుకుంటాడా, దయాసాగరుడి పుట్టినరోజు ఊరి పండగ అన్నాడు. మళ్ళీ సందంతా చేరాం. ఈసారి గుమ్మం మీద పలక ఉంది, బల్ల మీద వెనిగర్ లేదు. జాడీలు చూసే చేతులు లేక చలికి పగిలినవి పగిలాయి, బూజు పట్టినవి పట్టాయి. పాంగ్ ఇంట్లో పక్క ఊరి వెనిగర్ పెట్టడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. వెనిగర్ లేకుండా నూడుల్స్ తినడం మా ఊళ్ళో అదే మొదలు.

ఆ వారంలోనే నైరుతి నుంచి వచ్చిన కంచరగాడిదల వాడొకడు నా కొట్లో కూర్చుని కబురు చెప్పాడు. త్యేష్వాన్ బతికే ఉన్నాడు, రోజు విడిచి రోజు జ్వరంతో వణుకుతాడు, రాళ్ళు మోస్తాడు. ఆ మాట నేను చ్యావ్‌మేయ్‌కి చెప్పాను. తను మామగారు అడిగితే చెప్పింది.

చ్యావ్‌మేయ్ పోగు లాగింది. అంత సన్నగా, అంత పొడుగ్గా, ఒక్క ముడి లేకుండా ఎవరూ లాగలేదు. కుండలో నుంచి తనే ఎత్తింది, పోగు తెగలేదు. మోకరిల్లి గిన్నె రెండు చేతులా అందించింది.

"నిండు నూరేళ్ళు బతకండి మామయ్యా."

పంతులు "సెబాసు!" అన్నాడు. పాంగ్ మాత్రం కోడలి మొహంలోకి చూశాడు. అతని తల తిరిగిన ఆ తీరు చూస్తే నాకూ అప్పుడే తట్టింది. అతను నూరేళ్ళు బతికితే ఆ కొడుకు ఎన్నేళ్ళు ఆ కొండల్లో ఉంటాడు? పలక ఇచ్చిన దొర, పద్యాలు చదివిన పంతులు, ఆహా అన్న మేము, అందరం కలిసి ఆ కొడుకు ఇంటికి రావడానికి ఒకే ఒక్క దారి మిగిల్చాం, పాంగ్ పోవడం. ఆ దారి మొదట్లో మామగారిని దీవెనతో నిలబెట్టింది చ్యావ్‌మేయ్.

పాంగ్ గిన్నె తీసుకున్నాడు. పుల్లలతో పోగు కొస పట్టుకుని, గిన్నె అంచుకి ఆనించి నొక్కాడు. తెగింది. మళ్ళీ నొక్కాడు.

"అయ్యయ్యో, ఆయుష్షు! ఏం చేస్తున్నావు షౌరెన్!" అని పంతులు చెయ్యి పట్టుకోబోయాడు.

"నోరు ముయ్యి పంతులూ," అన్నాడు పాంగ్.

అంచుకి నొక్కి నొక్కి ఆ పోగంతా మెతుకులంత ముక్కలు చేశాడు. తర్వాత గిన్నె నోటికెత్తుకుని, ఒక్క ముక్క మిగలకుండా మింగాడు. వెనిగర్ లేని నూడుల్స్, అలాగే మింగాడు. చ్యావ్‌మేయ్ లేచి నిలబడింది. మామగారి అనుమతి అడక్కుండా, పక్కనున్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో ఆ ఒక్క పనీ షె పంతులు చెప్పినట్టు జరగలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే. ఆమె తెగని పోగు చేస్తుంది, అతను తెంపుకుని తింటాడు. పాంగ్‌కి ఇప్పుడు అరవై ఆరు. మనిషి గట్టిగానే ఉన్నాడు, పళ్ళు కూడా ఊడలేదు. వాళ్ళమ్మ తొంభై ఏళ్ళు బతికింది.